న్యూడ్ ఎలుకల్లో కూడా కాలేయ క్యాన్సర్ గడ్డలు కరిగిపోయాయి, ఎందుకు?

తలకోన_అమ్మాయి · సోమవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో సంవత్సరం. ల్యాబ్ పని తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని రాస్తున్నాను. రెండు రోజులుగా నిద్ర లేదు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేల ఉసిరి సారం కాలేయ క్యాన్సర్ మీద ఏమైనా పనిచేస్తుందా అని చూడటం నా పని. ఫ్లాస్కులో హెప్‌జి2 కణాల (ల్యాబులో పెంచే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలు) మీద కొంచెం పనిచేసినట్టే కనిపించింది, అందుకే న్యూడ్ ఎలుకల (వెంట్రుకలు లేని, నిరోధక శక్తి లోపించిన ల్యాబ్ ఎలుకలు) దాకా వచ్చాం. మొత్తం 12 ఎలుకలు, ఒక్కో కేజ్‌లో రెండేసి. ఒక్కోదానికి కుడి డొక్క దగ్గర చర్మం కింద 50 లక్షల కణాలు ఎక్కించాను, సగం పిబిఎస్ అనే ఉప్పునీటి ద్రావణంలో, సగం మాట్రిజెల్ అనే జెల్‌లో కలిపి. మాట్రిజెల్ గది వేడికే గడ్డకట్టేస్తుందని సిరంజీలు, టిప్పులు అన్నీ ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్ డబ్బా పక్కన పెట్టుకుని చేశాను. 7వ రోజుకి పన్నెండింటికీ గడ్డ తగిలింది. 10వ రోజు నుంచి ఆరింటికి సారం, ఆరింటికి ఉత్త నీళ్లు. 12వ రోజు వెర్నియర్‌తో కొలిస్తే చాలావాటికి 7 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు, అంటే సుమారు 87 ఘన మి.మీ.

16వ రోజు సారం ఇచ్చిన కేజ్‌లు ముందు తీశాను. శనగగింజలా గట్టిగా ఉన్న గడ్డ మెత్తబడి వేళ్ల మధ్య జారిపోతోంది. సంతోషం ఆపుకోలేక అమ్మకి ఫోన్ చేశాను, మందు పనిచేస్తోందమ్మా అని. ఫోన్ పెట్టేసి నీళ్ల కేజ్‌లు తీశాను. వాటిలోనూ అంతే.

24వ రోజుకి 8 ఎలుకల్లో గడ్డ చేతికి తగలడమే లేదు. సారం గుంపులో 4, నీళ్ల గుంపులో 4.

గైడ్ గారికి చెప్తే, ఇంజెక్షన్ సరిగ్గా పడి ఉండదు, కణాలు పట్టని ఎలుకల్ని లెక్కలోంచి తీసేసి మిగిలిన నాలుగింటితో గ్రాఫ్ వెయ్యి అన్నారు. గడ్డ పట్టింది కదా, నా చేత్తో నేనే కొలిచాను కదా! న్యూడ్ ఎలుకకి బయటి కణాల్ని తరిమే శక్తి ఉండదనే కదా వాటిని తెప్పించింది. మరి వీటిని తరిమింది ఎవరు?

రాత్రి_ల్యాబ్ · సోమవారం రాత్రి 12:20

ముందు కొన్ని ప్రశ్నలు, కోప్పడకు. కణాలు ఎక్కించే ముందు బతికున్నవి ఎంత శాతం? మైకోప్లాస్మా (పెంచే కణాలకి పట్టే చిన్న బ్యాక్టీరియా) టెస్ట్ ఎప్పుడు చేశారు? ఎలుకల వయసెంత? బరువులు రాశావా? ఆ గదిలో ఇంకెవరి జంతువులైనా ఉన్నాయా?

ఇంకో మాట. మీ గైడ్ చెప్పినట్టు ఎనిమిదింటిని తీసేస్తే మిగిలేది రెండు, రెండు. దాంతో గ్రాఫ్ వేసి ఏం చెప్తావు? అయినా వాటిని తీసేయడానికి కారణం ముందే రాసి పెట్టుకున్నారా? ఫలితం చూశాక తీసేస్తే అది లెక్క కాదు.

తలకోన_అమ్మాయి · మంగళవారం ఉదయం 6:45

చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో చూస్తే 93 శాతం బతికున్నాయి. మైకోప్లాస్మా పీసీఆర్ పని మొదలుపెట్టినప్పుడు నెగెటివ్, మళ్లీ చేయలేదు. ఎలుకలు 5 వారాల వయసులో వచ్చాయి, కానీ నా కణాలకి ఒకసారి ఫంగస్ పట్టి మొత్తం పారేయాల్సి వచ్చింది, అందుకని ఎక్కించేసరికి 9 వారాలు. బరువులు వారానికి రెండుసార్లు రాశాను. రెండు ఎలుకలు 22 గ్రాముల నుంచి 18కి పడ్డాయి, గడ్డ వల్ల అనుకున్నాను. గదిలో ఇంకో స్కాలర్ మామూలు చిట్టెలుకలు కూడా ఉన్నాయి, నేను కణాలు ఎక్కించిన వారానికి వచ్చాయి.

పలమనేరు_టమాటా · మంగళవారం ఉదయం 8:10

నాకు సైన్స్ రాదు, వ్యవసాయం. చదువుతా ఉంటే ఒక సందేహం వచ్చింది. మేము మామిడి అంటు కడతాం. నాటు మొక్క మీద తోతాపురి కడితే పడుతుంది, బంగినపల్లి కడితే పడుతుంది, చెట్టు ఎప్పుడూ నువ్వెవరు అని అడగదు. ఎలుక మాత్రం మనిషి కణాన్ని ఎందుకు ఒప్పుకోదు? ఇంకోటి, మా పక్క ఊళ్లో ఒకాయనకి భార్య కాలేయం ముక్క ఇచ్చింది. ఆయన బాగానే తిరుగుతున్నాడు. అదెట్ల?

జువాలజీ_మాస్టారు · మంగళవారం ఉదయం 10:05

పలమనేరు నాయనా, చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, అంటు పోలిక నాకెప్పుడూ తట్టలేదు.

మామిడి మీద మామిడి పడుతుంది. మామిడి మీద చింత కడితే పడదు, దగ్గరి చుట్టరికం ఉండాలి. కానీ చెట్టుకి ఒళ్లంతా తిరుగుతూ పరాయివాణ్ని వెతికే కణాలు లేవు. మనకీ ఎలుకకీ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి టి కణాలు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కల్ని బయటికి ఒక పళ్లెంలో పెట్టి చూపిస్తుంది. ఆ పళ్లేన్ని ఎలుకలో హెచ్-2 అంటారు, మనిషిలో హెచ్‌ఎల్‌ఏ. టి కణం పళ్లేన్నీ చూస్తుంది, అందులో ఉన్నదాన్నీ చూస్తుంది. మనిషి కణం ఎలుకలోకి వెళ్తే పళ్లెమూ పరాయిదే, పెట్టిందీ పరాయిదే. మామూలు ఎలుక రెండు మూడు వారాల్లో మిగల్చదు.

ఒకరి చర్మం ఇంకొకరికి అతికిస్తే ఊడిపోవడానికి కారణం శరీరం నేర్చుకునే ప్రతిఘటనే అని తేల్చినవాళ్లలో పీటర్ మెదావర్ ముఖ్యుడు, 1960లో బర్నెట్‌తో కలిసి నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే జాక్ మిల్లర్ పుట్టిన వెంటనే చిట్టెలుకల్లో థైమస్ గ్రంథిని తీసేస్తే అవి పరాయి చర్మాన్ని తరమలేవని చూపించాడు. అంతవరకు గుండె పైన ఉండే ఆ ముద్దకి పనేమీ లేదనుకునేవారు. టి కణాలు బడి చదువు చదివేది అక్కడే.

ఇక న్యూడ్ ఎలుక. వెంట్రుకలు లేని చిట్టెలుకల గురించి 1966లో ఫ్లానగన్ రాశాడు. రెండేళ్ల తర్వాత పాంటెలూరిస్ కోసి చూస్తే వాటికి థైమస్ లేదు. వెంట్రుకలకీ థైమస్‌కీ ఒకే జన్యువు కావాలి, దాన్నే ఇప్పుడు ఫాక్స్‌ఎన్1 అంటున్నాం. 1969లో డెన్మార్క్‌లో రీగార్డ్, పోవ్ల్‌సెన్ ఒక రోగి పెద్దపేగు క్యాన్సర్ ముక్కని న్యూడ్ ఎలుకలో పెడితే అది పెరిగింది. ఇవాళ ప్రపంచమంతా ల్యాబుల్లో జరుగుతున్న ఈ పని అక్కడ మొదలైంది.

భార్య ఇచ్చిన కాలేయం సంగతి. ఆయన రోజూ మాత్రలు వేసుకుంటూ ఉంటాడు, అడిగి చూడు. టాక్రోలిమస్ అనేది ఎక్కువగా వాడతారు, జపాన్‌లో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. అది టి కణాల చేతులు కట్టేస్తుంది. మాత్ర మానేస్తే ప్రమాదం. ఆయనకి ఈ మాట తప్పకుండా చెప్పు.

పలమనేరు_టమాటా · మంగళవారం ఉదయం 10:40

చెప్తాను సార్. రెండు పూటలా వేసుకుంటాడు, నేను షుగర్ మాత్రలనుకున్నా.

రాత్రి_ల్యాబ్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపు. న్యూడ్ ఎలుకకి నిరోధక శక్తి లేదు అనేది సగం నిజం, ఈ సగం నిజమే చాలామంది స్కాలర్ల కొంప ముంచుతోంది. పోయింది టి కణాలు మాత్రమే. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు ఉన్నాయి, పరాయివాటిని మింగేసే మాక్రోఫేజ్‌లు ఉన్నాయి, తేడా కణాల్ని నేరుగా చంపే ఎన్‌కె (నేచురల్ కిల్లర్) కణాలు ఉన్నాయి. ఈ ఎన్‌కె కణాలు మామూలు ఎలుకలో కంటే న్యూడ్ ఎలుకలో ఇంకా చురుగ్గా ఉంటాయి.

మన అలిపిరి చెకింగ్‌తో చెప్తాను. ఒకాయన బ్యాగు స్కాన్ చేసి లోపల ఉండకూడనిది ఉందా అని చూస్తాడు, టి కణం చేసేది అది. ఇంకొకాయన నీ బ్యాగు ముట్టుకోడు, ఆధార్ చూపించు అంటాడు. సొంత గుర్తు కనిపిస్తే వదిలేస్తాడు, కనిపించకపోతే ఆపుతాడు. ఎన్‌కె కణం ఇలా ఉంటుంది. మనిషి కణం దగ్గర కార్డు ఉంది, కానీ ఎలుక ఎన్‌కె కణం ఆ కార్డుని సరిగ్గా చదవలేదు. కొన్ని కణాలు దాన్ని తట్టుకుని పెరుగుతాయి, కొన్ని తట్టుకోలేవు. అందుకే ఒక క్యాన్సర్ న్యూడ్ ఎలుకలో బాగా పెరుగుతుంది, ఇంకోటి పెరగదు.

ఈ ఇబ్బంది తీర్చడానికే ఒకదాని మీద ఒకటి కొత్త ఎలుకలు వచ్చాయి. 1983లో బోస్మా ల్యాబ్ నుంచి స్కిడ్ ఎలుక, దానికి టి, బి రెండూ లేవు. తర్వాత దాన్ని నాడ్ అనే మధుమేహం వచ్చే జాతితో కలిపారు. 2000 తర్వాత ఎన్‌కె కణాలు ఎదగడానికి కావాల్సిన, ఐఎల్-2 అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకంలోని గామా ముక్కని కూడా తీసేసి ఎన్‌ఓజి, ఎన్‌ఎస్‌జి ఎలుకలు తెచ్చారు, వాటికి ఎన్‌కె కూడా లేదు. నాడ్ జాతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మన కణాల మీద సిడి47 అని ఒక ప్రోటీన్ ఉంటుంది, నన్ను తినకు అని మాక్రోఫేజ్‌కి చెప్పేది అదే. మామూలు ఎలుక మాక్రోఫేజ్‌కి మనిషి సిడి47 భాష సరిగ్గా అర్థం కాదు, నాడ్ ఎలుకకి అనుకోకుండా బాగా అర్థమవుతుంది. ఎవరూ ప్లాన్ చేయలేదు, జాతిలోనే అలా ఉంది.

కానీ తలకోనా, నీ విషయంలో నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఎన్‌కె కణాల పనే అయితే మొదటి రోజుల్లోనే మొదలవ్వాలి, అసలు పట్టనివ్వకూడదు. నీవి 12 రోజులు పెరిగి అప్పుడు కరిగాయి. మధ్యలో ఏదో జరిగింది.

చంద్రగిరి_పశువైద్యం · మంగళవారం సాయంత్రం 5:15

వెటర్నరీ వైపు నుంచి ఒకటి చెప్తాను. క్యాన్సర్ కణాలు ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి వెళ్లి బతకడం ల్యాబులోనే కాదు, మన వీధుల్లో రోజూ జరుగుతోంది. వీధికుక్కలకి జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా ఎర్రగా రక్తం కారే గడ్డ చూసే ఉంటారు. దాన్ని టివిటి అంటాం, అంటుకునే జననాంగ గడ్డ అని. అది ఆ కుక్క సొంత కణాలతో పుట్టింది కాదు. వేల ఏళ్ల కింద ఏదో ఒక కుక్కలో పుట్టిన క్యాన్సర్ కణాలే జతకట్టినప్పుడు కుక్క నుంచి కుక్కకి అంటుకుంటూ ఇప్పటిదాకా వచ్చాయి. అంటే ఎవరూ కట్టని అంటు.

మరి కుక్క ఒళ్లు ఎందుకు తరమదు? మాస్టారు చెప్పిన పళ్లేలని ఆ కణాలు దాచేస్తాయి. మొదట్లో బాగా పెరుగుతుంది, ఆ తర్వాత కొన్ని కుక్కల్లో పళ్లేలు మళ్లీ బయటపడతాయి, గడ్డలోకి తెల్లకణాలు దూరతాయి, దానంతటదే తగ్గుతుంది. మేము వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తాం, చాలావాటికి పూర్తిగా పోతుంది. పోయిన వారం కూడా ఒక నల్ల ఆడకుక్కకి మూడో డోసు ఇచ్చాను, మొదటిరోజు నా గుప్పెడంత ఉన్న గడ్డ గోరంత అయింది.

పెరిగి పెరిగి తర్వాత కరిగిపోయింది అంటే, మధ్యలో కణమైనా మారి ఉండాలి, ఎలుకైనా మారి ఉండాలి. తలకోనమ్మా, ఆ బరువు తగ్గిన రెండు ఎలుకల మీద నాకు అనుమానంగా ఉంది. అంత చిన్న గడ్డకి 4 గ్రాములు పడిపోదు.

చిత్తూరు_కొడుకు · మంగళవారం రాత్రి 9:48

అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా నాన్నకి కాలేయ క్యాన్సర్ అని పోయిన నెల చెప్పారు. ఆపరేషన్‌కి వీలుకాదన్నారు. వెల్లూరులో చూపిస్తున్నాం. మీ పోస్టులో నేల ఉసిరి ఇచ్చిన ఎలుకల్లో 4 గడ్డలు పూర్తిగా పోయాయని చదివాను. మా ఊళ్లో కామెర్లకి నేల ఉసిరి పసరు పోస్తారు, చెరువు గట్టున కావాల్సినంత ఉంది. ఎంత మోతాదు ఇచ్చారో చెప్తారా? రేపు పొద్దున నుంచే మొదలుపెడతాం.

తలకోన_అమ్మాయి · మంగళవారం రాత్రి 9:55

తమ్ముడూ, వద్దు. దయచేసి వద్దు. ఉత్త నీళ్లు ఇచ్చిన ఎలుకల్లో కూడా సరిగ్గా 4 పోయాయి. సారానికీ దానికీ సంబంధం లేదు. మొదటి పోస్టులో ఈ మాట ఇంకా గట్టిగా రాయాల్సింది, తప్పు నాదే. నాన్నగారి మందులు ఒక్కరోజు కూడా ఆపకండి.

నీళ్ల కేజ్‌లు లేకపోతే నేను ఏం రాసేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే చేతులు వణుకుతున్నాయి.

గాజుపలక · మంగళవారం రాత్రి 10:30

నేను పాథాలజిస్ట్‌ని. చిత్తూరు బాబూ, నేల ఉసిరి గురించి నీ ఆశ ఉత్తదేం కాదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో అది పనిచేసిందని లాన్సెట్ పత్రికలో రాశారు. హెపటైటిస్ బి వైరస్‌ని కనుక్కున్నందుకు నోబెల్ తీసుకున్న బ్లంబర్గ్ కూడా ఆ పేపర్‌లో ఉన్నారు. కానీ తర్వాత వేరేచోట్ల జాగ్రత్తగా చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. పైగా దెబ్బతిన్న కాలేయానికి తెలియని పసర్లు భారం. నువ్వు ఏది ఇవ్వాలనుకున్నా ముందు ఆ డాక్టర్‌కి చెప్పు.

నాన్నగారికి హెపటైటిస్ బి ఉందా? ఉంటే అమ్మకీ నీకూ తోబుట్టువులకీ రక్తపరీక్ష చేయించాలి. ఇది వాయిదా వేయొద్దు.

చిత్తూరు_కొడుకు · మంగళవారం రాత్రి 11:10

ఉంది మేడమ్, బి పాజిటివ్ అన్నారు. మాకు పరీక్ష చేయించుకోమని రాసి ఇచ్చారు కానీ ఆ గందరగోళంలో మర్చిపోయాం.

ఒకటి అడగాలి. ఎలుక అంత చిన్న ప్రాణి. మనిషి క్యాన్సర్‌ని రెండు వారాల్లో తరిమేసింది. మరి మా నాన్న ఒళ్లు ఎందుకు తరమలేకపోతోంది? ఆయన జీవితంలో జ్వరానికి కూడా పడుకున్న మనిషి కాదు.

గాజుపలక · మంగళవారం రాత్రి 11:58

ఈ ప్రశ్నకి జవాబు నిదానంగా రాస్తాను, ఎందుకంటే ల్యాబులో పనిచేసేవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు.

ఎలుక తరిమింది క్యాన్సర్‌ని కాదు నాన్నా, మనిషిని. ఆ కణాలు క్యాన్సర్‌వి కాకుండా మంచి కాలేయ కణాలైనా అంతే కసిగా తరిమేది. మీ నాన్నగారి గడ్డ మీ నాన్నగారి సొంత కణాల నుంచి పుట్టింది. ఆధార్ ఆయనదే, పళ్లెం ఆయనదే, పళ్లెంలో ఉన్నదాంట్లో కూడా నూటికి తొంభైతొమ్మిది వంతులు ఆయనవే. ఆ కొంచెం తేడాని పట్టుకునే టి కణాలు ఆయనలో ఉన్నా, గడ్డ వాటిని నిద్రపుచ్చుతుంది. పిడి-1 అని టి కణం మీద ఒక బ్రేకు ఉంటుంది, గడ్డ దాన్ని తొక్కిపడుతుంది. ఆ రకం బ్రేకుల్ని తీయవచ్చని చూపించినందుకే 2018లో ఆలిసన్, హోంజోలకి నోబెల్ వచ్చింది. ఇప్పుడు కాలేయ క్యాన్సర్‌కి కూడా అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ రెండూ కలిపి ఇస్తున్నారు, 2020 నుంచి ఆమోదం ఉంది. అందరికీ పనిచేయదు, ఖరీదు కూడా ఎక్కువే. నాన్నగారికి సరిపోతుందా అని వెల్లూరులో నేరుగా అడుగు.

ఇది మీ నాన్న బలహీనత కాదు. జ్వరానికి పడుకోని మనిషి కూడా తన సొంత కణాన్ని శత్రువని అనుకోలేడు.

స్కాలర్లకి ఒక మాట. ఇప్పుడు చెప్పిన ఈ బ్రేకు మందుల్ని న్యూడ్ ఎలుకలో పరీక్షించి లాభం లేదు, విప్పడానికి అక్కడ టి కణమే లేదు. ఎలుక క్యాన్సర్‌ని అదే జాతి ఎలుకలో పెట్టాలి, హెపా1-6 అనే ఎలుక కాలేయ క్యాన్సర్ కణాల లాంటివి. అవి కూడా కొన్నిసార్లు వాటంతటవే తగ్గిపోతాయి, కాబట్టి అక్కడా నీళ్ల గుంపు లేకుండా అడుగు వేయొద్దు. తలకోనా, నీకు ఇంకోటి. హెప్‌జి2ని చాలా ఏళ్లు పెద్దవాళ్ల కాలేయ క్యాన్సర్ అన్నారు. అది అర్జెంటీనాకి చెందిన 15 ఏళ్ల అబ్బాయి గడ్డ నుంచి వచ్చింది. 2009లో తిరిగి చూసి పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అని తేల్చారు. థీసిస్‌లో ఆ మాట సరిగ్గా రాయి.

గడ్డలు ఫార్మలిన్‌లో పెట్టావా? కాలేయాలు ఉన్నాయా?

తలకోన_అమ్మాయి · బుధవారం ఉదయం 7:20

మేడమ్, 24వ రోజు గడ్డ పోయిన 8 ఎలుకల్ని చంపి కోశాం, గడ్డ ఉన్నచోట చర్మంతో సహా తీసి పెట్టాను. సారం వల్ల హాని ఉందేమో చూడటానికి కాలేయాలు కూడా పెట్టాను. గడ్డ ఉన్న నాలుగు ఎలుకలు ఇంకా బతికే ఉన్నాయి.

గాజుపలక · బుధవారం ఉదయం 7:50

గడ్డ కంటే ముందు కాలేయం కోయించు. స్లైడ్‌కి వేసే మామూలు హెచ్ అండ్ ఈ రంగు చాలు. ఇంకోటి, గడ్డ నిలిచిన ఆ నాలుగు ఎలుకలు ఏ కేజ్‌లవి?

తలకోన_అమ్మాయి · బుధవారం ఉదయం 8:30

ఇప్పుడే రిజిస్టర్ చూశాను. సారం గుంపులో ఒక కేజ్, నీళ్ల గుంపులో ఒక కేజ్. రెండూ పై అరలో ఉన్నవి. కరిగిపోయిన నాలుగు కేజ్‌లూ కింది అరలో, కొత్తగా వచ్చిన మామూలు ఎలుకల పక్కన.

రోజూ పై అర నుంచి కిందికి చేసుకుంటూ వచ్చేదాన్ని. కింది కేజ్‌లు ముట్టుకున్న గ్లవ్స్‌తో పైకి వెళ్లలేదు. మేడమ్, నాకు భయంగా ఉంది.

చంద్రగిరి_పశువైద్యం · బుధవారం ఉదయం 8:41

ఎంహెచ్‌వి (ఎలుకలకి వచ్చే ఒక వైరస్) టెస్ట్ చేయించు. పెంటికలు చాలు, పీసీఆర్‌కి పంపు. ఇవాళే.

తలకోన_అమ్మాయి · తర్వాతి బుధవారం రాత్రి 10:15

వారం ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. రిపోర్టులు వచ్చేదాకా ఏమీ రాయలేకపోయాను.

కాలేయం స్లైడ్లు నేనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. గులాబీ రంగులో వరుసగా ఉండాల్సిన కణాల మధ్య అక్కడక్కడా పాలిపోయిన చుక్కలు, చచ్చిపోయిన కణాల గుంపులు. వాటి అంచున నాలుగైదు కేంద్రకాలు ఒకే కణంలో ఇరుక్కున్నట్టు పెద్ద కణాలు. ఫోటో మేడమ్‌కి పంపాను. గడ్డ ఉన్నచోట నడిమధ్య అంతా చచ్చిన ముద్ద, చుట్టూ మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గోడ కట్టినట్టు, లింఫోసైట్లు (టి, బి, ఎన్‌కె రకం తెల్లకణాలు) కొన్నే. పీసీఆర్‌లో కింది అర నాలుగు కేజ్‌ల్లో మిగిలిన పెంటికలూ పాజిటివ్. పై అర రెండు కేజ్‌లూ నెగెటివ్. కొత్తగా వచ్చిన ఎలుకలు పాజిటివ్. కణాల మైకోప్లాస్మా మళ్లీ చేయించాను, నెగెటివ్.

గాజుపలక · బుధవారం రాత్రి 10:50

ఎంహెచ్‌వి అంటే ఎలుకల హెపటైటిస్ వైరస్. కరోనా వైరస్ కుటుంబమే, మనుషులకి రాదు. మామూలు పెద్ద ఎలుకలో పైకి ఏమీ కనిపించకుండా వచ్చి పోతుంది, అందుకే ఆ స్కాలర్‌కి కూడా తెలిసి ఉండదు. టి కణాలు లేని న్యూడ్ ఎలుకలో మాత్రం వదలదు, ఎలుక చిక్కి శల్యమై చనిపోతుంది. వైరస్ రాగానే ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ లేస్తుంది, దాంతో ఎన్‌కె కణాలూ మాక్రోఫేజ్‌లూ రెచ్చిపోతాయి. అంతవరకు ఎలాగో తట్టుకుని పెరుగుతున్న మనిషి కణాలు అక్కడ దొరికిపోయాయి. ఎంహెచ్‌వి సోకితే న్యూడ్ ఎలుకల్లో మనిషి గడ్డల పెరుగుదల మారిపోతుందని 1979లోనే పేపర్ ఉంది.

కింది అరలో ఎనిమిదికి ఎనిమిది, పై అరలో నాలుగింట్లో ఒక్కటీ లేదు. స్లైడ్ కూడా అదే చెప్తోంది. ఎన్‌కె వాటా ఎంతో కచ్చితంగా తేల్చాలంటే ఎన్‌కె కణాలకి అతుక్కునే యాంటీ-అసియలో-జిఎం1 (asialo-GM1) అనే యాంటీబాడీతో వాటిని తగ్గించి మళ్లీ చేసి చూడాలి, కానీ దానికి ఇంకొన్ని ప్రాణాలు కావాలి. నీ ప్రశ్నకి అది అవసరం లేదు.

రాత్రి_ల్యాబ్ · బుధవారం రాత్రి 11:05

12 రోజులు పెరిగి ఎందుకు కరిగాయో ఇప్పుడు సరిపోయింది. మీ గైడ్ ఏమన్నారు?

తలకోన_అమ్మాయి · బుధవారం రాత్రి 11:40

స్లైడ్లు, రిజిస్టర్ పట్టుకుని వెళ్లాను. కేజ్‌లు ఏ అరలో ఎక్కడున్నాయో ఒక తెల్లకాగితం మీద గీసి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పన్నెండూ రాయి, ఈ బొమ్మ కూడా థీసిస్‌లో పెట్టు అన్నారు. జంతు నైతిక కమిటీకి జరిగింది జరిగినట్టు ఉత్తరం కూడా ఆయనే రాయించారు.

గది మొత్తం ఖాళీ చేయాలన్నారు. పై అరలోని నాలుగూ బాగానే ఉన్నా, వాటినీ ఉంచడానికి వీల్లేదు. నిన్న సాయంత్రం అయిపోయింది. వాటి కేజ్ కార్డులు నాలుగూ నా నోట్‌బుక్‌లో అంటించుకున్నాను. ఆ స్కాలర్ ఏడ్చింది, తన రెండేళ్ల పని కూడా పోయింది. తన తప్పేం లేదు, వచ్చిన ఎలుకల్ని విడిగా ఉంచడానికి గది కావాలని తను అడిగిందట, లేదన్నారట.

చంద్రగిరి_పశువైద్యం · గురువారం ఉదయం 6:30

ఆ గది కోసం మీరిద్దరూ కలిసి రాతపూర్వకంగా అడగండి. కొత్తవి వచ్చినప్పుడు కనీసం రెండు వారాలు విడిగా ఉంచి, టెస్ట్ చేశాకే లోపలికి తేవాలి. కమిటీలో వెటర్నరీ డాక్టర్ ఒకరు తప్పకుండా ఉంటారు, ముందు ఆయన దగ్గరికి వెళ్లండి.

చిత్తూరు_కొడుకు · గురువారం రాత్రి 8:20

అందరికీ నమస్కారం. అమ్మకి, నాకు నెగెటివ్ వచ్చింది. అన్నకి పాజిటివ్, కానీ కాలేయం బాగుందట, ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకోమన్నారు. అమ్మకి, నాకు టీకా మొదటి డోసు వేశారు, రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి.

జువాలజీ_మాస్టారు · గురువారం రాత్రి 8:45

మూడో డోసు చాలామంది మర్చిపోతారు బాబూ, క్యాలెండర్‌లో రాసి పెట్టుకో. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్ వాళ్లు ఈ టీకా ఇక్కడే తయారుచేసి ధర దించేదాకా మనలాంటివాళ్లకి అందేది కాదు. అన్నయ్యకి స్కాన్ తేదీలు కూడా అదే క్యాలెండర్‌లో రాయి. నాన్నగారికి ఎలా ఉంది?

చిత్తూరు_కొడుకు · గురువారం రాత్రి 9:02

ఆ రెండు మందుల గురించి డాక్టర్‌ని అడిగాను సార్. సోమవారం ఎండోస్కోపీ చేసి చెప్తామన్నారు. నాన్న ఇవాళ రెండు ముద్దలు సంగటి తిన్నాడు.

తలకోన_అమ్మాయి · గురువారం రాత్రి 9:30

సోమవారం ఏం చెప్పారో ఇక్కడ రాయి తమ్ముడూ. ఎదురుచూస్తూ ఉంటాను.